పది రోజుల మేళా, 12,000 అద్దె: మట్టి నగలకి గిట్టుబాటు అవుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో టెర్రకోట (కాల్చిన మట్టి) నగలు చేస్తారు, ఇప్పటిదాకా తెలిసినవాళ్లకీ వాట్సాప్‌లోనూ అమ్మారు. హైదరాబాద్‌లో ఒక హస్తకళల మేళాలో పది రోజులకి ఆరడుగుల స్టాల్ 12,000 రూపాయలకి ఇస్తామన్నారు. శుక్రవారం మొదలై, మరుసటి వారం ఆదివారంతో ముగుస్తుంది. తీసుకోవాలా, సరుకెంత చెయ్యాలి, బేరాలకి ఏం చెప్పాలి, జీఎస్టీ ఉండాలా, మూల స్టాల్‌కి ఇంకో 4,000 పెట్టొచ్చా?

చేతిలో రెండు నెలల టైముంటే తీసుకోండి. ఆరు వారాల లోపే ఉంటే ఈసారికి వదిలేసి, శని ఆదివారాల్లో పెట్టే చిన్న సంత ఏదైనా చూసుకోండి. ఎందుకో లెక్కలో తెలుస్తుంది.

ఒక మామూలు బుట్టల జత తీసుకుందాం. మట్టి 4 రూపాయలు, రంగులు వార్నిష్ 6, హుక్కులు రింగులు 8, కార్డూ కవరూ 7, కాల్చడానికి 5. మొత్తం 30. పని ముప్పావు గంట. గంటకి 80 వేసుకుంటే 60. అంటే 90. ఆరబెట్టేటప్పుడో బట్టీలోనో పదింటికి ఒకటి పోతుంది కాబట్టి మిగిలిన తొమ్మిదీ దాని ఖర్చు మొయ్యాలి. జత మీకు 100 పడుతుంది. "నా పనే కదా" అని ఆ 60 తీసేసి లెక్క వేసేవాళ్లే మేళా అయ్యాక "బాగానే అమ్మాం గానీ ఏం మిగల్లేదు" అంటుంటారు.

ఇప్పుడు మేళా ఖర్చు. అద్దె 12,000. పక్కన ఉండే మనిషికి రోజుకి 600 చొప్పున 6,000. ఆటోలు 2,000. టీలు, భోజనాలు, చిల్లర ఖర్చులు 2,000. మొత్తం 22,000. జత 250కి అమ్మితే చేతికి 150 మిగులుతుంది. 22,000ని 150తో భాగిస్తే 147. అంటే 147వ జత అమ్మేదాకా మీరు మేళా వాళ్ల కోసం పనిచేస్తున్నట్టే. అదే జత 200కి ఇచ్చారనుకోండి, 220 జతలు అమ్మాలి. బేరంలో 50 రూపాయలు తగ్గించడమంటే అదనంగా 73 జతలు చెయ్యడమన్నమాట. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే బేరాల దగ్గర సగం తడబాటు పోతుంది.

147 భయపడాల్సిన సంఖ్య కాదు. పది రోజుల్లో శనివారాలు రెండు, ఆదివారాలు రెండు వస్తాయి. ఆ నాలుగు రోజులూ 24 చొప్పున, మిగతా ఆరు రోజులూ 9 చొప్పున పోతే 150 అయినట్టే. కానీ 250 జతలు అమ్మినా మీకు మిగిలేది 15,500, అంటే జతకి 62. ఇంకో లెక్క చూడండి. ఏ బొటిక్ ఆవిడో వచ్చి 160 చొప్పున తీసుకుంటే జతకి 60 మిగులుతుంది, అద్దె లేదు, నిలబడాల్సిన పని లేదు. రెండూ దాదాపు సమానం. అందుకే మేళాలో కౌంటర్ అమ్మకం ఖర్చులు తీర్చుకోవడానికి, ఆర్డర్లు సంపాదించుకోవడానికి అనుకోండి. సరుకు ఎంచడం దగ్గర్నుంచి స్టాల్‌లో ఎవరితో ఎంతసేపు మాట్లాడాలన్నదాకా అన్నీ దీన్నిబట్టే మారతాయి.

సరుకు. 200 నుంచి 250 అమ్మాలంటే 400 ఉండాలి. చివరి ఆదివారం బల్ల మీద మిగిలిపోయినవే కనిపిస్తే వచ్చినవాళ్లు అలా చూసి ఇలా వెళ్లిపోతారు, పైగా ఆ రోజే జనం ఎక్కువ. రోజుకి ఐదు గంటలు కూర్చుంటే ఆరేడు జతలవుతాయి, 400కి రెండు నెలలు. ముందు చెప్పిన రెండు నెలలు ఇక్కడివే.

ఆ 400లో 60 నుంచి 120 రూపాయల దుద్దులు, కీచైన్లు, ఫ్రిజ్ మాగ్నెట్లు ఓ 120. అద్దె వీటితో రాదు, కానీ కాలేజీ పిల్లలు ఆగేది వీటికే, నలుగురు నిలబడిన చోటికి ఐదో మనిషి వస్తారు. 150 నుంచి 350 మధ్యవి 230. మీ మేళా నడిచేది వీటిమీదే. 600 నుంచి 1,200 దాకా పెండెంట్, బుట్టలు కలిసిన సెట్లు 50 చాలు. సెట్లు తక్కువే పోతాయి, అయినా వెనక గోడ మీద అవి ఉంటేనే 250 జత చవగ్గా కనిపిస్తుంది. రంగుల్లో మెరూన్, నలుపు, నెమలికంఠం, పసుపు, ముదురు ఆకుపచ్చ ఎక్కువ చెయ్యండి. చీర అంచుతో కలుపుకుని కొనేవాళ్లే ఎక్కువ. లేత గులాబీ, లావెండర్ ఫోటోల్లో బాగుంటాయి, మేళాలో అంత కదలవు.

ఒకే డిజైన్ పది జతలు చేసినా బల్ల మీద రెండే పెట్టండి. పది వరసగా కనిపిస్తే అచ్చులో పోసినవని అనుకుంటారు, చేత్తో చేశామన్నా నమ్మరు. మిగిలినవి బల్ల కింద డబ్బాల్లో, డిజైన్ నంబరు రాసి పెట్టుకోండి.

నాణ్యత దగ్గర మూడు నాలుగు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది కాల్పు. నీడలో ఐదు నుంచి ఏడు రోజులు ఆరనివ్వకుండా బట్టీలో పెడితే లోపలి తడి ఆవిరై ముక్క పగులుతుంది. బుట్టల్లో మందంగా ఉండే పైభాగం దగ్గరే ఎక్కువ. మొదట్లో సెగ నెమ్మదిగా పెంచాలి. ఊకలోనో రంపపు పొట్టులోనో కాల్చేవాళ్లకి అడుగునవీ పైనవీ ఒకేలా కాలవు కాబట్టి ప్రతి విడతలోంచి, రంగు వెయ్యకముందు, రెండు మూడు చోట్ల నుంచి ముక్కలు తీసి రాత్రంతా నీళ్లలో వేసి చూడండి. పొద్దున గోటికి మట్టి అంటితే ఆ భాగంలోవి మళ్లీ కాల్చాలి. బాగా కాలినదాన్ని గోటితో కొడితే ఖంగుమంటుంది.

రెండోది వార్నిష్. పైకి ఆరినట్టుంటుంది, రెండు రోజులకే ప్లాస్టిక్ కవర్లో పెట్టేస్తే ఎండకి కవర్ అంటుకుని రంగుతో సహా ఊడొస్తుంది. వారం రోజులు గాలికి ఉంచి, ఆ తర్వాత బటర్ పేపర్ చుట్టి కవర్లో వెయ్యండి. న్యూస్‌పేపర్ వద్దు, లేత రంగులకి దాని ఇంకు అంటుతుంది.

మూడోది హుక్కులు. చవక హుక్కుల్లో నికెల్ ఉంటుంది, కొందరికి చెవి దురదపెట్టి పుండవుతుంది. ఆ ఫిర్యాదు మట్టి మీదకి వస్తుంది గానీ హుక్కు మీదకి రాదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌వి జతకి రెండు మూడు రూపాయలు ఎక్కువైనా అవే వాడండి. బరువు కూడా చూసుకోండి, జత 15 గ్రాములు దాటితే పెట్టుకుని అద్దంలో చూసుకుని తీసి పెట్టేస్తారు. కారణం చెప్పరు.

తీసుకెళ్లడానికి కోడిగుడ్ల ట్రేలని మించినవి లేవు. గుంటకో బుట్ట, ట్రేకి 15 జతలు, పైన పల్చటి స్పాంజ్ షీటు, దానిమీద ఇంకో ట్రే. ఐదు ట్రేలకి ఒక తాడు. ఆటో కుదుపులకి ఏమీ కాదు. స్టాల్ ముందు కొబ్బరిపీచు పట్టా ఒకటి పరవండి. చేతిలోంచి జారిన బుట్ట బండ మీద పడితే ముక్కలే, పట్టా మీద పడితే చాలాసార్లు బతుకుతుంది. కస్టమర్ చేతిలో పగిలితే డబ్బు అడగకండి.

బల్ల మీద అన్నీ పరిచేస్తే దూరం నుంచి ఏమీ కనిపించదు. నాలుగైదు అడుగుల ఎత్తులో, చూపుకి ఎదురుగా ఉండేలా వెనక ఒక ఇనప జాలీ ఫ్రేము నిలబెట్టి గోనె గుడ్డ వేసి, కార్డులు దానికి తగిలించండి. బల్ల గుడ్డ ఒకే రంగుది, గోధుమ రంగో తెలుపో. కలంకారీ గుడ్డ పరిస్తే గుడ్డే అందంగా కనిపిస్తుంది, నగ కనిపించదు. అద్దాలు రెండు: ఒకటి ముఖం ఎత్తులో బిగించినది, ఒకటి చేతిది. లైట్లు 9 వాట్ల ఎల్ఈడీలు మూడు, 4000 కెల్విన్ రకం, అంటే మరీ పసుపూ మరీ తెలుపూ కాని వెలుగు. పసుపు వెలుగు బల్బు కింద మెరూన్ ఇటుక రంగులా కనిపిస్తుంది, ఇంటికెళ్లాక "రంగు వేరే" అంటారు. నిర్వాహకులు మామూలుగా ఒక ప్లగ్గే ఇస్తారు, ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ మీరే తెచ్చుకోవాలి. దుమ్ము దులపడానికి అంగుళం పెయింట్ బ్రష్, వానొస్తే కప్పడానికి పది బై పన్నెండు పాలిథీన్ పట్టా, బట్టల క్లిప్పులు, ముక్కు ప్లయర్లు రెండు, అదనపు హుక్కులు. కొన్నవాళ్లు "దీనికి హుక్కు కాకుండా సీల పెట్టిస్తారా" అంటే రెండు నిమిషాల్లో మార్చి ఇవ్వగలగాలి, అమ్మకం చాలాసార్లు అక్కడే ఖాయమవుతుంది.

ప్రతి కార్డు మీదా ధర ఉండాలి. ధర లేకపోతే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఎత్తు స్టూల్ మీద కూర్చుని, జనం పల్చగా ఉన్నప్పుడు ఏదో ఒక ముక్కకి రంగు వేస్తూ ఉండండి. "రండి మేడమ్, చూడండి మేడమ్" అని పిలవడం కన్నా అది పదింతలు నయం. బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు పోసి రంగు వెయ్యని కాలిన దుద్దు ఒకటి వేసి ఉంచండి. గాలికి ఆరే మట్టితో చేసి టెర్రకోట అని సగం ధరకి అమ్మేవాళ్లు అదే వరసలో ఉంటారు. "అక్కడ 120కే ఇస్తున్నారు" అన్నప్పుడు మీరు వాదించక్కర్లేదు, గ్లాసులో నీళ్లకి కరగని ఆ దుద్దు చూపిస్తే చాలు.

బేరం. "ఫిక్స్‌డ్ రేట్" బోర్డు పెట్టి ముఖం ముడుచుకుంటే మనవాళ్లకి నచ్చదు, అడిగిన ప్రతివాళ్లకీ తగ్గిస్తే మీకు గిట్టదు. తగ్గింపు మొదటి జత మీద కాదు, మూడో జత మీద ఇవ్వండి. ఒకటి 250, మూడు 650. మూడింట్లో మీకు 450 బదులు 350 మిగులుతుంది, కానీ ఒక జతకి వచ్చిన మనిషి మూడు తీసుకుంటుంది. "చివరి రేటు చెప్పండి" అంటే జవాబు అదే: "ఒకటైతే ఇదేనండి, మూడు తీసుకుంటే 650." బోణీకి ఎంత తగ్గించాలో కూడా ముందే అనుకోండి, 20 రూపాయలు, అంతే. పొద్దున్నే వచ్చి "మాదే బోణీ" అని సగానికి అడిగేవాళ్లు రోజూ ఉంటారు. చివరి రోజు సాయంత్రం సగం ధరకి దించకండి. పచ్చళ్లూ పిండివంటల స్టాళ్లవాళ్లు దించుతారు, వాళ్ల సరుకు పాడవుతుంది. మీ మట్టి పాడవదు. పైగా మొదటి శనివారం 250 పెట్టి కొన్నవాళ్లు ఆ రోజు మళ్లీ వస్తారు, చూస్తారు.

డబ్బు సంగతి. క్యూఆర్ బోర్డు రెండు చోట్ల పెట్టండి. వీలైతే వ్యాపార ఖాతా క్యూఆర్, సౌండ్ బాక్స్ తీసుకోండి. ఆదివారం సాయంత్రం వేలమంది ఒకే చోట చేరితే డేటా నత్తనడక నడుస్తుంది, అందుకని రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి. స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి, పేమెంట్ అయినట్టు బొమ్మ చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ ఫోన్లో పడిందా లేదా అన్నదే లెక్క. మొదటి రోజు 10, 20, 50 నోట్లలో 3,000 చిల్లర పట్టుకెళ్లండి. ఒక నోటుబుక్కులో అమ్మిన ప్రతి ముక్కా డిజైన్ నంబరుతో రాయండి. దాని వెనక పేజీలో అడిగారు గానీ మన దగ్గర లేనివి రాయండి. పది రోజులయ్యాక వచ్చే మేళాకి ఏం చెయ్యాలో ఆ వెనక పేజీయే చెబుతుంది.

జీఎస్టీ. సరుకు అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షల టర్నోవర్, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. మీరు రాష్ట్రంలోనే అమ్ముతున్నంత కాలం, ఆ లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నిర్వాహకులు నంబరు అడిగితే పరిమితి లోపే ఉన్నామని రాసి సంతకం చేసి ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు. రిజిస్టర్ కానివాళ్లు బిల్లు మీద పన్ను వసూలు చెయ్యకూడదు, మామూలు రసీదు ఇవ్వండి. రేపు బెంగళూరో చెన్నైయో వెళ్లి అమ్మాలంటే వేరే సంగతి. చేత్తో చేసిన హస్తకళా వస్తువుల జాబితాలో మట్టి, టెర్రకోట వస్తువులు ఉన్నాయి కాబట్టి 20 లక్షల లోపు వాళ్లకి అక్కడా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది. కానీ పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా రాష్ట్రం దాటేముందు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) తీసుకోవాలి. మామూలు సరుకుకి 50,000 దాటితేనే కదా అనుకుని చాలామంది ఇక్కడే, దారిలో తనిఖీల దగ్గర ఇరుక్కుంటారు.

ఇంకో కాగితం పెహచాన్ కార్డు. కేంద్ర జౌళి శాఖ కింద ఉండే హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు ఇది. ఆ శాఖ పెట్టించే గాంధీ శిల్ప్ బజార్ వంటి మేళాల్లో స్టాల్ కావాలంటే ఇది ఉండాలి. ఆధార్ పట్టుకెళ్లి, మీ పని చూపించి దరఖాస్తు చేసుకోవాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) కూడా ఉచితమే. దానికి 2,000, 3,000 అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. పెహచాన్ కార్డు వచ్చాక దారులు పెరుగుతాయి. మాదాపూర్ శిల్పారామంలో ఏడాది పొడుగునా మేళాలు జరుగుతుంటాయి. ఢిల్లీ హాట్ అనే హస్తకళల సంతలో స్టాళ్లు పదిహేను రోజుల వంతున ఇస్తారు. నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) మాత్రం ఇప్పుడే వద్దు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఒక్క మనిషి చేతిపని మీద స్టాల్ నింపడం అయ్యే పని కాదు, పక్కన ఫ్యాక్టరీ నగలు డజన్ల లెక్కన అమ్ముతుంటారు.

మూల స్టాల్: 4,000ని 150తో భాగిస్తే 27 జతలు. రెండు వైపులా జనం నడిచే దారి ఉంటే పది రోజుల్లో ఆ 27 వస్తాయి, తీసుకోండి. ముందు స్థలం వెళ్లి చూడండి. ఒక పక్క గోడో జనరేటరో ఉంటే దానికి మూల అని పేరే గానీ ఉపయోగం లేదు. స్టేజీ పక్కన వద్దు, మైకు హోరులో మాట వినబడదు. తిండి స్టాళ్ల పక్కన అసలు వద్దు, మిర్చిబజ్జీ తిన్న చేత్తో పట్టుకుంటే ఆ నూనె మరక రంగు వెయ్యని మట్టి మీద నుంచి పోదు.

ఇక ఆర్డర్లు. సోమవారం నుంచి గురువారం దాకా స్టాల్ ఖాళీగా ఉందని మనిషిని కూర్చోబెట్టి ఇంటికెళ్లిపోకండి. బొటిక్‌వాళ్లు, గృహప్రవేశానికో నోముకో పేరంటంలో ఇవ్వడానికి యాభై, వంద కావాలనేవాళ్లు తీరిగ్గా వచ్చేది ఆ రోజుల్లోనే. హోల్‌సేల్ రేటు ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి: 50 జతలకి తక్కువైతే ఇవ్వం, జత 160, సగం అడ్వాన్సు. 125కి అడుగుతారు. 125 అంటే మీకు మిగిలేది 25, వంద జతలు చేస్తే 2,500. నవ్వుతూ కాదనండి. "మా షాపులో పెట్టుకుంటాం, అమ్ముడయ్యాక ఇస్తాం" అనేవాళ్లకి మొదటిసారే సరుకు ఇవ్వకండి. ఇవ్వాల్సొస్తే ఇరవై జతలకి మించకుండా, నంబర్లతో రాసి, సంతకం పెట్టించుకుని, నెల గడువుతో ఇవ్వండి.

గడువు చెప్పేటప్పుడు జాగ్రత్త. రోజుకి ఆరేడు జతల లెక్కన వందకి పదహారు రోజులు, ఆరడానికి వారం, కాల్చి రంగులేసి వార్నిష్ ఆరేసరికి ఇంకో పది రోజులు. ఐదు వారాలు అడగండి. అయితే పేరంటాల ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది వరలక్ష్మీ వ్రతానికి, అంటే ఆషాఢంలో చెప్పి శ్రావణంలో కావాలంటారు. సరిగ్గా అప్పుడే వానలు. ఏడు రోజుల్లో ఆరేది పన్నెండు రోజులైనా ఆరదు, తొందరపడి బట్టీలో పెడితే పగుళ్లు. దీనికి ఒకటే మార్గం. మే నెల ఎండల్లోనే బాగా అడిగే నాలుగైదు ఆకారాల్లో రెండు మూడొందల జతలు చేసి, కాల్చి, రంగు వెయ్యకుండా గోనె సంచుల్లో దాచి పెట్టుకోండి. ఆర్డర్ వచ్చాక వాళ్లు అడిగిన రంగు వేసి, హుక్కు బిగించి, వార్నిష్ ఆరనిచ్చి ఇవ్వడానికి రెండు వారాలు చాలు.